చేతులు కడిగే చోట దొరికిన సాలీడు టారంటులా కాదండీ



పోయిన నెల ఒక శుక్రవారం లంచ్ అయ్యాక ఆరో తరగతి పిల్లలు చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. కుళాయిల పక్కన గోడ మొదట్లో గోధుమరంగు సాలీడు ఒకటి కనిపించింది. వెనక భాగానికి తెల్లటి చిన్న ఉండ అంటించుకుని గబగబా పరుగెడుతోంది. ఆయమ్మ చీపురు ఎత్తేలోపు ఒక అమ్మాయి తన టిఫిన్ బాక్సు మూత తీసి దాని ముందు పెట్టింది. సాలీడు అందులోకి ఎక్కేసింది. బాక్సు నా టేబుల్ మీదకు వచ్చింది.

ఆ తర్వాత జరిగింది మీలో చాలామందికి తెలుసు. ఫొటో పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. సాయంత్రానికి "టారంటులా అట", "కరిస్తే ప్రాణానికే ప్రమాదం అట", "స్కూల్ మొత్తం మందు కొట్టించండి" అని వరుసగా మెసేజ్‌లు. మీకు తెలియనిది ఒకటుంది. ఆ టారంటులా అనే మాట పిల్లల నోటికి వచ్చింది నా వల్లే. ఫోన్‌లో ఒక యాప్ తెరిచి ఫొటో పెడితే అది 'లైకోసా టారంటులా' అని చూపించింది. నేను ఇంకేమీ ఆలోచించకుండా అదే పేరు బోర్డు మీద రాశాను. క్లాసులో అందరూ నోట్‌బుక్కుల్లో దించుకున్నారు. ఇంటికొచ్చి మీకు చెప్పారు. వాళ్ల తప్పేమీ లేదు, టీచర్ రాసిందే చెప్పారు.

ఆ రాత్రి అదే సాలీడును ఇంకో పక్క నుంచి ఫొటో తీసి మళ్లీ యాప్‌లో పెట్టాను. ఈసారి ఇంకో పేరు వచ్చింది. మూడో ఫొటోకి మూడో పేరు. అప్పుడు కూర్చుని పుస్తకాలు తీశాను. లైకోసా టారంటులా ఉండేది దక్షిణ యూరప్‌లో. కొత్తవలసలో కుళాయి పక్కకి అది రావడానికి వీలే లేదు.

శనివారం ఆఫీసుకు ఫోన్లు వచ్చాయి. సోమవారం మందు కొట్టేవాళ్లను పిలవాలని అనుకున్నారు. కారిడార్లు, తోట, పిల్లలు ఆడుకునే గడ్డి, అన్నిటికీ. సోమవారం ప్రార్థన అయ్యే వరకు ఆగమని అడిగాను. ఆ రెండు రోజుల్లో నేను నేర్చుకున్నదే ఇప్పుడు మీకు రాస్తున్నాను. ఇంగ్లీష్ పేజీలో చోటు తక్కువ కాబట్టి అక్కడ సారాంశమే ఉంటుంది, పూర్తి సంగతి ఇక్కడ చదవండి.

పేరు ఎలా పుట్టి ఎక్కడికి పోయింది

ముందు ఈ టారంటులా గొడవ తేల్చుకుందాం. ఇటలీ దక్షిణాన టారంటో అనే ఓడరేవు పట్నం ఉంది. ఆ చుట్టుపక్కల పొలాల్లో బొరియలు చేసుకుని ఉండే పెద్ద సాలీడుకి ఊరి పేరు మీద టారంటులా అన్నారు. అది కరిస్తే పిచ్చిగా నాట్యం చేయాలి, లేకపోతే బతకరు అని అక్కడ వందల ఏళ్లు నమ్మారు. మన దగ్గర తేలు కుడితే మంత్రం వేయించినట్టే అనుకోండి. ఆ సాలీడు నిజానికి ఒక తోడేలు సాలీడు, అంటే వుల్ఫ్ స్పైడర్. తర్వాత యూరప్ వాళ్లు వేరే ఖండాలకు వెళ్లి, అక్కడ అరచేతంత, ఒళ్లంతా వెంట్రుకలున్న సాలీళ్లను చూసి వాటిని కూడా టారంటులా అని పిలిచారు. పేరు అక్కడే ఉండిపోయింది. ఇవాళ సినిమాల్లో మనం చూసే టారంటులాకీ టారంటోకీ చుట్టరికం లేదు. రెండూ వేర్వేరు కుటుంబాలు.

వెంట్రుకల టారంటులా మన రాష్ట్రంలో లేదా అంటే ఉంది, అది కూడా ప్రపంచ ప్రసిద్ధి చెందినది. మెరిసే నీలం రంగు, కాళ్ల మీద పసుపు మచ్చలు. శాస్త్రీయ నామం పొయిసిలోథేరియా మెటాలికా. 1899లో పోకాక్ అనే ఇంగ్లీష్ శాస్త్రవేత్త దాని గురించి మొదటిసారి రాశారు. ఆయనకు అందిన నమూనా దొరికింది అనంతపురం వైపు గుత్తిలో, రైల్వే కలప యార్డులో. రైల్లో వచ్చిన దుంగలతో పాటు వచ్చి ఉంటుందని భావిస్తారు. ఎందుకంటే మళ్లీ అది శాస్త్రవేత్తల కంట పడింది నూరేళ్లు దాటాక, 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో. 2008లో దాన్ని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో చేర్చారు. అది చెట్ల తొర్రల్లో ఉంటుంది. మనది కూడా రైల్వే జంక్షనే కదా అని భయపడకండి, మన కుళాయి దగ్గరకు వచ్చింది అది కాదు. ఆ నీలం రంగు చూసినవాళ్లు ఎవరూ దీనితో పొరబడరు.

గుర్తుపట్టడానికి మొదట చూడాల్సింది ముఖం

సాలీడుకి ఎనిమిది కాళ్లని ఒకటో తరగతి పిల్లలు కూడా చెబుతారు. కళ్లు కూడా సాధారణంగా ఎనిమిదే ఉంటాయి. అవి ఎలా అమర్చి ఉన్నాయో చూస్తే చాలాసార్లు కుటుంబం తెలిసిపోతుంది. తోడేలు సాలీడుకి కింద వరసలో నాలుగు చిన్న కళ్లు. వాటి పైన, ముందుకు చూస్తూ రెండు పెద్ద కళ్లు, కారు హెడ్‌లైట్లలాగా. ఇంకా పైన, తల వెనక్కి, ఆకాశం వైపు చూస్తున్నట్టు ఇంకో రెండు. నాలుగు, రెండు, రెండు. పిల్లలకు ఇదే లెక్క చెప్పాను, వెంటనే పట్టేశారు. ఇంట్లో గోడల మీద గెంతే చిన్న సాలీడు ఉంటుంది కదా, దానికి ముందు వరసలోనే రెండు చాలా పెద్ద కళ్లు. ట్యూబ్‌లైట్ వెనకాల నుంచి వచ్చి మనల్ని హడలగొట్టే వెడల్పాటి గోడ సాలీడుకి నాలుగేసి కళ్లు రెండు వరసల్లో ఉంటాయి.

ఫోన్ కెమెరాని బాగా దగ్గరకు జరిపి ముఖం వైపు నుంచి ఒక్క ఫొటో తీస్తే కళ్లు లెక్కపెట్టవచ్చు. శుక్రవారం నేను చేయనిది ఆ ఒక్క పనే. పైనుంచి మాత్రమే తీశాను. పైనుంచి చూస్తే గోధుమరంగు సాలీళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి, యాప్ మాత్రం ఏం చేస్తుంది పాపం.

రెండో గుర్తు ఆ తెల్ల ఉండ. చాలామంది అది ఏదో పురుగుని చుట్టి ఆహారంగా దాచుకుందని అనుకున్నారు. అది గుడ్ల సంచి. దారం తీసే అవయవాలు పొట్ట చివర ఉంటాయి. గుడ్ల సంచిని సరిగ్గా అక్కడ అతికించుకుని తిరిగేది తోడేలు సాలీడు ఒక్కటే అనుకుంటే దాదాపు పొరపాటు ఉండదు. ఇందాక చెప్పిన గోడ సాలీడు కూడా గుడ్ల సంచిని మోస్తుంది, కానీ అది బిళ్లలా చదునుగా ఉంటుంది, దాన్ని పొట్ట కింద పట్టుకుంటుంది. నర్సరీ సాలీళ్లని ఇంకో కుటుంబం ఉంది. చూడటానికి అచ్చం తోడేలు సాలీడే. అవి మాత్రం సంచిని నోటి దగ్గరి కోరలతో పట్టుకుని నడుస్తాయి. అంటే సంచి ఎక్కడుందో చూస్తే చాలు, సగం పని అయిపోయినట్టే.

మూడో గుర్తు మాకు నాలుగు రోజుల తర్వాత దొరికింది. బాక్సులో కొంచెం తడి మట్టి, ఎండుటాకు వేసి ఉంచాం. మంగళవారం ఉదయం చూస్తే సాలీడు వీపు ఏదో బూజు పట్టినట్టు గరుకుగా ఉంది. లెన్స్ పెట్టి చూశాం. పిల్లలు! తల్లి సంచి అతుకు విప్పగానే బయటకొచ్చి కాళ్ల మీదుగా పైకి ఎక్కి, ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. లెక్కపెట్టడం మా వల్ల కాలేదు. పిల్లల్ని ఇలా వీపున మోయడం తోడేలు సాలీళ్ల కుటుంబం అలవాటు. కొన్ని రోజులు అలా తిరిగి, తర్వాత ఒక్కొక్కటే దిగి, సన్నటి దారం గాలిలోకి వదిలి ఎగిరిపోతాయి.

ఫ్రాన్స్‌లో ఫాబ్రే అని ఒక స్కూల్ టీచర్ ఉండేవారు. కీటకాల మీద బోలెడు పుస్తకాలు రాశారు. ఆయన ఒక తోడేలు సాలీడు దగ్గర గుడ్ల సంచి తీసేసి, బదులుగా బెండుతో చేసిన ఉండ ఇచ్చారు. అది ఆ బెండునే అతికించుకుని జాగ్రత్తగా తిరిగింది. మా క్లాసులో ఈ సంగతి చెప్పగానే ముగ్గురు చేతులెత్తి "మనమూ చేద్దాం మేడమ్" అన్నారు. వద్దన్నాను.

ఇంటిపేరు ముందు, పేరు తర్వాత

ఇది తోడేలు సాలీడు అని తేలింది. ఇంగ్లీష్‌లో చెప్పాలంటే లైకోసిడే కుటుంబం. 1833లో ఈ కుటుంబానికి పేరు పెట్టారు. గ్రీకులో లైకోస్ అంటే తోడేలు. గూడు అల్లి కూర్చోకుండా వెంటాడి పట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. తోడేళ్లు గుంపుగా వేటాడతాయి, ఇది ఒంటరిగా. పేరు పెట్టినవాళ్లు ఆ సంగతి పట్టించుకున్నట్టు లేదు. ఈ కుటుంబంలోనే హిపాసా అనే సాలీళ్లు మన గడ్డిలో గరాటులాంటి గూడు కట్టుకుని కూర్చుంటాయి. వాన పడ్డాక ఉదయం పూట ఆ గూళ్ల మీద నీటి చుక్కలు చూసే ఉంటారు. కాబట్టి తోడేలు సాలీళ్లు గూళ్లు కట్టవు అని పుస్తకంలో ఉన్న ఒక్క లైన్ పూర్తి నిజం కాదు. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో 2,400కు పైగా జాతులున్నాయి.

శాస్త్రీయ నామాలు పిల్లలు బట్టీ పట్టి మర్చిపోతుంటారని పీటీఎంలో మీరు అంటుంటారు. మన తెలుగువాళ్లకు ఇది నిజానికి సులువు. ఇంగ్లీష్‌వాళ్లు పేరు ముందు, ఇంటిపేరు వెనక రాస్తారు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. శాస్త్రీయ నామం మన పద్ధతిలోనే ఉంటుంది. ముందు ప్రజాతి, అంటే ఇంటిపేరు. తర్వాత జాతి, అంటే సొంత పేరు. హోమో సేపియన్స్‌లో హోమో మన ఇంటిపేరు.

ఒక్కోసారి ఇంటిపేరు మారుతుంది కూడా. మన వరి మడుల్లో బాగా కనిపించే తోడేలు సాలీడు పేరు ఇప్పుడు పార్డోసా సూడోఆన్యులేటా. దీని గురించి 1906లో జపాన్ సాలీళ్ల పుస్తకంలో బోసెన్‌బర్గ్, స్ట్రాండ్ అనే ఇద్దరు మొదట రాశారు. అప్పుడు వాళ్లు పెట్టిన పేరేమిటో తెలుసా? టారెంటులా సూడోఆన్యులేటా! తర్వాత దాన్ని లైకోసాలోకి మార్చారు, ఆ తర్వాత పార్డోసాలోకి. పాత వ్యవసాయ పుస్తకాల్లో లైకోసా అనే కనిపిస్తుంది. సొంత పేరు మారలేదు, ఇంటిపేరే మారింది. ఇలా మారినప్పుడు, మొదట పేరు పెట్టినవాళ్ల పేర్లను చివర బ్రాకెట్‌లో పెట్టాలని నియమం. బ్రాకెట్ లేదంటే పుట్టింటి పేరే కొనసాగుతోందని అర్థం. టెన్త్ పిల్లల పుస్తకంలో జీవుల పేర్ల పక్కన బ్రాకెట్ కనిపిస్తే అడిగి చూడండి, చాలామందికి ఇది చెప్పి ఉండరు. నాకు బీఈడీలోనూ ఎవరూ చెప్పలేదు.

మరి మన బాక్సులోది అదేనా? తల వెనక వీపు మీద పంగలకర్ర ఆకారంలో లేత రంగు గుర్తు, పొట్ట మీద తెల్లటి మచ్చలు ఉన్నాయి. వరి పొలం సాలీడుకి పుస్తకాలు చెప్పే గుర్తులు ఇవే. ఇక పేరు రాసేయవచ్చని నాకు మళ్లీ చెయ్యి దురద పెట్టింది. కానీ ఆగాల్సి వచ్చింది. పార్డోసాలో ఒకదాన్ని పోలిన జాతులు చాలా ఉన్నాయి. రంగు, మచ్చలు వయసుతో మారతాయి. జాతిని ఖాయం చేయాలంటే పెద్దయిన సాలీడు సంతానోత్పత్తి అవయవాల ఆకారాన్ని మైక్రోస్కోప్ కింద చూసి పుస్తకంలోని బొమ్మతో పోల్చాలి. ఆడదానికైతే పొట్ట అడుగున ఒక చిన్న పలక, మగదానికైతే ముఖం పక్కన ఉండే పొట్టి కాళ్లలాంటి వాటి చివర. తాళానికి తాళంచెవిలాగా ప్రతి జాతికీ వేరుగా ఉంటాయి. మన దేశపు తోడేలు సాలీళ్ల మీద ఆధారంగా చూసే పుస్తకం 1980లో వచ్చింది. భారత జంతు సర్వే సంస్థకు చెందిన టికాదర్, మల్హోత్రా రాశారు. అందులో పేజీల కొద్దీ ఈ అవయవాల బొమ్మలే. పిల్ల సాలీడైతే నిపుణులు కూడా ప్రజాతి దగ్గరే ఆగిపోతారు.

అలా చూడాలంటే మన తల్లి సాలీడుని చంపి సారాయిలో వేయాలి. వీపు మీద పిల్లలున్నాయి. క్లాసులో ఓటింగ్ పెట్టాల్సిన అవసరం కూడా రాలేదు. బోర్డు మీద పాత పేరు కొట్టేసి 'పార్డోసా, జాతి తేలలేదు' అని రాశాను. పిల్లలు నోట్‌బుక్కుల్లో కొట్టేసి దిద్దుకున్నారు. మీ అమ్మాయి, అబ్బాయి సైన్స్ నోట్స్‌లో ఎర్ర గీత కనిపిస్తే అది వాళ్ల తప్పు కాదు, మార్కులు తగ్గలేదు.

మడిలో దాని పని

సోమవారం ఉదయం బాక్సు తెచ్చిన అమ్మాయి వాళ్ల తాతగారు స్కూలుకి వచ్చారు. ఊళ్లో వరి వేస్తారు. బాక్సు మూత తీసి చూసి నవ్వారు. "ఇదేటమ్మా టీచరమ్మా, దీనికేనా ఇంత హడావుడి? దమ్ము పట్టినప్పుడు గట్టు నిండా ఇవే కదేటి. దీన్నేటి చెయ్యకండి, దోమని తింటాది" అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. దోమ అంటే మనల్ని కుట్టేది కాదు, వరిని పీల్చే సుడిదోమ. దోమపోటు వచ్చిన మడి ఎలా గుండ్రంగా ఎండిపోతుందో రైతు కుటుంబాల పేరెంట్స్‌కి నేను చెప్పాలా? ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రకారం ఒక తోడేలు సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది. కాండం తొలిచే పురుగు రెక్కలతో వచ్చినప్పుడు దాన్నీ వదలదు. పిల్ల సాలీళ్లు పిల్ల దోమల్ని తింటాయి. నాట్లు పడిన కొద్ది రోజులకే మడిలోకి చేరేవాటిలో ఇవి ముందుంటాయి.

మందు కొట్టినప్పుడు సమస్య ఇక్కడే వస్తుంది. దోమతో పాటు సాలీడూ పోతుంది. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి కాబట్టి చాలావరకు మిగులుతాయి. పొదిగి బయటకొచ్చేసరికి తినేవాళ్లు ఎవరూ లేరు. మందు కొట్టాక దోమ ఇంకా పెరిగిందని రైతులు అనే మాటకి కారణం ఇదే. ఇండోనేషియాలో ఇది దేశవ్యాప్త సమస్య అయింది. 1986లో అక్కడి ప్రభుత్వం 57 రకాల పురుగుమందుల్ని వరి మీద వాడకూడదని నిషేధించింది. కొన్ని చోట్ల మందు తప్పదు, ఆ లెక్క వ్యవసాయ అధికారి చెప్పాలి. నేను చెప్పగలిగింది స్కూల్ తోట గురించే.

కరుస్తుందా అని అడిగినవాళ్లకు జవాబు చెప్పకుండా దాటేయను. చేత్తో నొక్కినా, బట్టల్లో ఇరుక్కున్నా కరవవచ్చు. నొప్పి, కొంచెం వాపు, ఎర్రదనం ఉంటాయి. బ్రెజిల్‌లోని సావోపావులోలో తోడేలు సాలీళ్లు కరిచిన 515 కేసుల్ని డాక్టర్లు పరిశీలించి 1990లో ప్రచురించారు. ముఖ్యంగా కనిపించింది నొప్పి. చర్మం కుళ్లిపోతుందన్న పాత భయానికి ఆ కేసుల్లో ఆధారం దొరకలేదు. సబ్బుతో కడిగి చల్లటి నీళ్ల గుడ్డ వేయండి. ఏ పురుగు కుట్టినా సరే, పిల్లలకు ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వానాకాలంలో నాకు అసలు భయం బూట్లలో దూరే తేళ్లు, పాములంటే. తొడిగే ముందు బూట్లు దులపడం మాత్రం రోజూ అలవాటు చేయించండి.

సోమవారం మీటింగ్‌లో తాతగారి మాట, కళ్ల ఫొటో రెండూ చూపించాను. తోటకీ గడ్డికీ మందు కొట్టకూడదని నిర్ణయించారు. కాలువలు శుభ్రం చేయించారు, కుళాయిల దగ్గర పాత ఇటుకల కుప్ప తీయించారు. ఇద్దరు పేరెంట్స్‌కి ఇంకా నమ్మకం కుదరలేదు. వాళ్లు ఎప్పుడైనా వచ్చి నాతో మాట్లాడవచ్చు. తల్లి సాలీడుని పిల్లలతో సహా ఆ తాతగారు బాక్సులోనే తీసుకెళ్లి తన మడి గట్టు మీద వదిలారు. టిఫిన్ బాక్సు కడిగి తిరిగి పంపారు. అందులో ఆ అమ్మాయి ఇంకా అన్నం తెచ్చుకుంటోందో లేదో అడగలేదు.

ఈ నెల ఆరో తరగతికి ఒక చిన్న ఇంటిపని ఇచ్చాను. దీనికి మీ సాయం కావాలి. రాత్రి ఎనిమిది దాటాక, బూట్లు వేసుకుని, పెద్దవాళ్లు వెంట ఉండగా పెరట్లోకో మైదానం అంచుకో వెళ్లండి. టార్చ్‌ని నుదుటి దగ్గర, కంటికి ఆనించినట్టు పట్టుకుని గడ్డి మీద వెలుగు వేయండి. తోడేలు సాలీడు కళ్ల వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. పిల్లి కళ్లలాగా వెలుగుని తిప్పి పంపుతుంది. నేల మీద మంచు బిందువుల్లా చిన్న మెరుపులు కనిపిస్తే నెమ్మదిగా దగ్గరకు వెళ్లండి. చుక్క కదిలితే అది సాలీడు, కదలకపోతే నీటి బొట్టు. చేత్తో పట్టుకోవద్దు. ముఖం నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీయండి. ఎన్ని మెరుపులు కనిపించాయో డైరీలో రాసి సంతకం చేసి పంపండి. పేరు రాయనక్కర్లేదు, నాలుగు, రెండు, రెండు కనిపించాయా లేదా అన్నది రాస్తే చాలు.